చిటికెన వేలి పగులు

ఆ పెంకును మొదటిసారి చేతిలోకి తీసుకునేవాళ్లంతా ఒకేలా తడబడతారు. ఇటుకంత ఉంటుంది కదా అని చెయ్యి బరువుకు సిద్ధపడుతుంది. తీరా అందుకుంటే ఖాళీ అగ్గిపెట్టె పట్టుకున్నట్టు ఉంటుంది, చెయ్యి తనంతట తనే పైకి లేచిపోతుంది. "ఇదేంటండీ, లోపల ఏమీ లేదా?" అని అడుగుతారు. నిజమే, లోపల దాదాపు ఏమీ లేదు. వెంట్రుక కన్నా సన్నని గాజుపోగులు చిక్కుపడి, అక్కడక్కడా ఒకదాన్నొకటి అంటుకుని ఉంటాయి. మిగతాదంతా గాలే. అంతరిక్షం నుంచి మనుషుల్ని దింపే ఓడ పొట్టకు అతికించేది ఈ గాలి ముక్కల్నే. దిగేటప్పుడు బయట ఇనుము కరిగే వేడి, లోపల కుర్చీలో కూర్చున్న మనిషి, ఆ రెంటికీ మధ్య అడ్డం ఇదొక్కటే. కాగితాల మీద దానికి బారెడు పేరుంది. దాంతో పని చేసేవాళ్లు మాత్రం పెంకు అనే అంటారు.

ఆ పెంకుల్ని కాల్చి, చల్లార్చి, విరిచి చూసే గదికి పెద్ద ఒకావిడ. ఆవిడ్ని అందరూ వెనకాల చాదస్తం మేడమ్ అనేవారు. కొన్నాళ్లకు ముందరా అనడం మొదలుపెట్టారు, ఆవిడ ఏమీ అనుకోలేదు. గ్లౌజు లేకుండా ఎవరైనా బల్ల దగ్గరికి వచ్చారో, ఇక వాళ్ల పని అయిపోయినట్టే. ఓసారి సంస్థ చూడ్డానికొచ్చిన ఓ పెద్దమనిషి ఊరికే వేలు చాపితే, చిన్నపిల్లాడి చేతి మీద కొట్టినట్టు ఒక్కటి వేసింది. ఆయన నవ్వేసి ఊరుకున్నాడు కాబట్టి సరిపోయింది.

ఆవిడ కోపానికి కారణం లేకపోలేదు. ఆ గాజుపోగుకు నిప్పంటే లెక్కలేదు, కానీ ఉప్పు సోకితే తట్టుకోలేదు. మనిషి అరచేతిలో ఉండేది చెమట, చెమటలో ఉండేది ఉప్పు. ఆ కాస్త ఉప్పు పోగుల్లోకి దిగి, పెంకుతోపాటు బట్టీలో కాలిందంటే, అంతమేరా గాజు తన గుణం మార్చేసుకుంటుంది. లోపల కంటికి కనపడనంత చిన్న పలుకులుగా గట్టిపడుతుంది. వేడిలో ఉన్నంతసేపూ ఏ తేడా తెలియదు. చల్లారేటప్పుడు ఆ పలుకులు ఉన్నట్టుండి ముడుచుకుంటాయి, చుట్టూ ఉన్న మంచి గాజు ముడుచుకోదు. ఇక అక్కడ చీలిక మొదలవుతుంది. "కాలేటప్పుడు కాదర్రా, చల్లారేటప్పుడు పగులుతుంది," అని కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ ఆవిడ చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్పేది.

ఆవిడకో చెల్లెలు. ఇంట్లో పేరు ఉడత. నడక రాకముందే కిటికీ ఊచలెక్కిన రకం. చిన్నప్పుడు డాబా పిట్టగోడ మీంచి పడి కుడిచేతి చిటికెన వేలు విరగ్గొట్టుకుంటే, అమ్మకు తెలిస్తే ఇద్దరికీ వీపు విమానం మోత మోగుతుందని భయపడి, అక్కే డాక్టరమ్మ అవతారమెత్తింది. వేలికి స్కేలు ముక్క ఆనించి, జడ రిబ్బనుతో బిగించి కట్టింది. కట్టడమైతే శ్రద్ధగానే కట్టింది గానీ, వంకరగా కట్టింది. అమ్మ కనిపెట్టేసరికి ఎముక అలాగే అతుక్కుపోయింది. అప్పట్నుంచీ ఆ వేలు మిగతా వేళ్లతో అలిగినట్టు పక్కకు తిరిగే ఉంటుంది.

అలాంటి ఉడత చివరికి ఎక్కాల్సిన చోటికే ఎక్కింది. ఆ ఓడలో మనుషులు వెళ్లే మొదటి ప్రయాణానికి ఎంపికైంది. ఇల్లంతా గంతులేస్తుంటే అక్క ఒక్కతే బిగుసుకుపోయింది. "నేను రోజూ చేత్తో విరిచి చూసేవాటి మీద కూర్చుని నువ్వు నిప్పుల్లోంచి వస్తావా? నావల్ల కాదే తల్లీ!" అంది. అన్నది అక్కడితో ఆగినా బాగుండేది. పెద్దాయన దగ్గరికి, అంటే ఆ సంస్థ మొత్తానికి పెద్దయినాయన దగ్గరికి వెళ్లి, చెల్లెల్ని జట్టులోంచి తప్పించమని అడిగింది. ఆయన కుదరదన్నాడు. సంగతి ఉడత చెవిన పడింది. అంతే, మాటలు బంద్. ఇద్దరి మధ్యా కబుర్లు మోయలేక వాళ్లమ్మ ప్రాణం విసిగిపోయింది. "నేనేమన్నా పోస్టాఫీసునా? ఒకే ఊళ్లో ఉండి ఒకరి క్షేమం ఒకరు నన్నడుగుతారేంటే!" అని ఇద్దరినీ ఫోన్లో చెడామడా తిట్టేది.

అలా ఉండగా, జట్టంతా పెంకుల గది చూడ్డానికి వచ్చింది. ఆ గదికో ఆనవాయితీ ఉంది, దాన్ని నిప్పు పట్టించడం అంటారు. ఎవరు కొత్తగా వచ్చినా బట్టీ బాబాయ్, అంటే బట్టీ చూసుకునే పెద్ద మేస్త్రీ, బట్టీ తలుపు తీసి, పటకారుతో ఓ చిన్న పెంకుముక్కను బయటపెడతాడు. అది ఆ తమాషా కోసమే ఉంచిన పాతముక్క, ఓడకు అతికించేది కాదు. లోపలంతా కణకణలాడుతుంటుంది, చూస్తే కళ్లు జిగేల్మంటాయి. "ఊఁ, గ్లౌజు తీసి పట్టుకో," అంటాడు. ఆ గదిలో గ్లౌజు తీయమనే మాట వినపడేది అప్పుడొక్కసారే.

ఆ రోజు ఉడత ముందుకొచ్చింది. అక్క వైపు చూడలేదు. గ్లౌజులు తీసి జేబులో కుక్కుకుని, వేళ్ల కొసలతో ఆ ముక్కను మూలల దగ్గర పట్టుకుని లేపింది. లోపల నిప్పు. వేళ్లకు మాత్రం ఎండలో పెట్టిన గిన్నెను ముట్టుకున్నపాటి వెచ్చదనమైనా లేదు. ఎర్రటి వెలుగు ఆమె ముఖమంతా పరుచుకుంది. ఉడత కళ్లు నీళ్లతో నిండిపోయాయి. "అక్కా!" అంది. ఎన్నాళ్ల తర్వాతో విన్న పిలుపది. అక్క గుండె ఒక్కసారిగా నీరైపోయింది.

ఉడత ముక్కను కింద పెట్టింది, కానీ ఒంటి మీద తెలివి లేదు. పక్క బల్ల మీద నల్లపూత పూయించుకోడానికి సిద్ధంగా తెల్లటి పచ్చి పెంకులు వరసగా పేర్చి ఉన్నాయి. ఆ మైకంలోనే అటు తిరిగి, పక్కపక్కనున్న రెండు పెంకుల మీద రెండు అరచేతులూ ఆనించింది. గుమ్మంలో ఎదురైన చంటిపిల్లల తల మీద చెయ్యి పెట్టినట్టు పెట్టింది. "నన్ను తీసుకొచ్చేది ఇవేనా అక్కా?" అంది.

చెయ్యి తియ్యవే అనాలి. అక్క నోరు తెరుచుకుంది కూడా. ఆ గదిలో ఆ మాట ఎన్నిసార్లు అందో, ఎంతెంత వాళ్లని అందో. ఈసారి రాలేదు. ఇన్నాళ్లకు పిలిచిన పిల్లని మొదటిమాటే కసరడానికి మనసొప్పలేదు. "ఆఁ, ఇవే," అంది.

వాళ్లు వెళ్లాక ఆ రెండింటినీ అవతల పారేయాల్సింది. పారేస్తే బాబాయ్ ఎందుకమ్మా అంటాడు, చాదస్తం మేడమ్ సొంత చెల్లెల్ని చూసీచూడనట్టు వదిలేసిందని గదిలో నవ్వుకుంటారు. రెప్పపాటు ఆనించిన చేతికి ఏమంత చెమట ఉంటుందిలే అనుకుంది. మెత్తటి గుడ్డతో స్పిరిట్ అద్ది తుడిచింది, ఆరబెట్టింది. స్పిరిట్‌తో జిడ్డు పోతుంది గానీ ఉప్పు పోదు, పైగా తడికి ఇంకా లోపలికి దిగుతుంది. ఇది ఆవిడకు తెలియదా? నలుగురికీ చెప్పేదే ఆవిడ! మనవాళ్ల దగ్గరికి వచ్చేసరికి తెలిసిన సంగతులన్నీ ఎక్కడికి పోతాయో ఏమో. రెండు పెంకులూ పూతకు వెళ్లాయి, నల్లగా నిగనిగలాడుతూ తిరిగొచ్చాయి. ఒకటి ఓడకు వెళ్లింది. రెండోది, ఆ విడత పెంకుల్లో పరీక్షకని పక్కన పెట్టే వాటిల్లోకి చేరింది.

ప్రయాణం దగ్గరపడ్డాక ఆ పరీక్ష పెంకుల్ని ఒక్కొక్కటిగా బట్టీలో పెట్టారు. ఓడ దిగేటప్పుడు తగిలేంత వేడి తగిలించి, బయటకు తీసి చల్లార్చడం, అంతే పని. చల్లారేటప్పుడు లోపలి చప్పుడు వినడానికి పెంకుకు చిన్న మైకు ఆనిస్తారు. మంచి పెంకు నోరెత్తదు. అన్నీ అలాగే నోరెత్తకుండా చల్లారాయి. చివరగా పెట్టింది మాత్రం ఎర్రదనం పోయి, నల్లబడి, చెయ్యి పెట్టగలిగే వేడికి ఇంకాస్త ఉందనగా, స్పీకర్లో 'టిక్' అంది.

రేకు మీద వాన మొదలయ్యే ముందు ఒక్క చినుకు పడ్డట్టు ఉంది ఆ శబ్దం. ఆగింది. మళ్లీ టిక్. తర్వాత రెండు మూడు కలిసి వచ్చాయి. అది గాజుగ్లాసు పగిలినట్టు భళ్లున పగిలిపోయే వస్తువు కాదు. ఒక పోగు తెగితే దాని బరువు పక్కపోగు మీద పడుతుంది, అది ఓర్చుకున్నంత ఓర్చుకుని తెగుతుంది, బరువు ఆ పక్కదాని మీదికి పోతుంది. పగులు దారి వెతుక్కుంటూ, పోగు పోగునీ అడుగుతూ నడుస్తుంది. చాదస్తం మేడమ్ ఆ శబ్దం ఎన్నోసార్లు విన్నా, ఎప్పుడు విన్నా ఒళ్లు జలదరిస్తుంది. గాలిలాంటి ఆ ముక్కలో ఎన్ని లక్షల పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయో అప్పుడే తెలుస్తుంది మరి.

చల్లారాక బాబాయ్ పెంకును పళ్లెంలో పెట్టి తెచ్చాడు. "ఒక్కటే కదమ్మా. మిగతావన్నీ బంగారంలా ఉన్నాయి. ఎక్కడో పోత తేడా వచ్చుంటుంది," అన్నాడు.

ఆవిడ దీపాన్ని వాలుగా పెట్టి చూసింది. నల్లటి పూత మీద సన్నని గీతలు. చూసేవాళ్లకు పిచ్చిగీతల్లాగే ఉంటాయి. నిలువునా నాలుగు పగుళ్లు, కింద గుండ్రంగా ఒకటి. నాలుగింట్లో మూడు తిన్నగా పైకి వెళ్లాయి. చివరిది మాత్రం సగం దూరం వెళ్లి, అలిగినట్టు పక్కకు తిరిగింది.

ఆవిడ దీపాన్ని ఇంకాస్త దగ్గరికి జరిపి చూసింది. స్టూలు మీద కూలబడింది. ఆ వంకర ఆవిడ కట్టిందే. ఆ వేలిని ప్రపంచంలో ఎక్కడ చూసినా ఆవిడ గుర్తుపట్టగలదు. చెల్లెలి అరచెయ్యి, రెప్పపాటు ఆనించిన చెయ్యి, తుడిచి ఆరబెట్టి పూత వేసి కాల్చినా పోకుండా లోపలే కూర్చుని, చల్లారేవరకూ ఆగి, ఇదిగో నేనని పైకొచ్చింది. భయపడాల్సిన ఆ క్షణంలో ఆవిడకు ముందు కలిగింది భయం కాదు, ఆశ్చర్యం. ఇంత నిప్పును లెక్కచేయనిది ఇంత చిన్న తడిని మర్చిపోలేదా అనుకుంది. ఆ తర్వాత వచ్చింది భయం. ఇది కుడిచెయ్యి. ఎడమచెయ్యి పెట్టిన పెంకు ఓడ పొట్ట కింద ఉంది. సరిగ్గా ఉడత కుర్చీ కింద అతికించింది దాన్నే. అతికించేటప్పుడు ఆవిడ పక్కనే నిలబడి, నా చెల్లెలు తాకిన పెంకు దాని కుర్చీ కిందే ఉందిలే అని లోలోపల మురిసిపోయింది కూడా!

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే పెంకు ఊడదీయాలి, కొత్తది చేసి అతికించాలి, ఆ జిగురు ఆరాలి. ఈలోగా ప్రయాణానికి కుదిరిన తేదీ దాటిపోతుంది. తర్వాతి తేదీకి పైన చేయాల్సిన పనులు వేరు, ఆ పనులు నేర్చుకున్న జట్టు వేరు. ఉడత జట్టు వెనక్కి పోతుంది. అన్నిటికన్నా ఘోరం ఇంకోటుంది. అక్క మళ్లీ తన ప్రయాణానికి అడ్డం పడిందని ఉడత అనుకుంటుంది. ఇప్పుడిప్పుడే కలిసిన చెయ్యి ఈసారి విడిపోతే ఇక కలవదు. ఇదంతా ఆలోచిస్తూనే ఆవిడ లేచింది, పళ్లెం పట్టుకుని పెద్దాయన గదికి నడిచింది. ఆలోచించడం ఆపి నడుద్దామనుకుంటే అసలు నడవలేకపోయేది.

పెద్దాయన అంతా విన్నాడు. పెంకును దీపం కింద తిప్పి తిప్పి చూశాడు. "ఆ అమ్మాయిని తప్పించమని నువ్వు ఇంతకుముందు నా దగ్గరికొచ్చావు. గుర్తుందామ్మా?" అన్నాడు.

"గుర్తుంది సార్. అందుకే నా మాట నమ్మొద్దంటున్నా. రెండో పెంకు తీయించి, దాన్నే అడగండి."

"దాన్ని కాల్చి చూస్తే, పగలకపోతే?"

"అప్పుడు నన్ను ఈ గదిలోంచి పంపించెయ్యండి. పాపం నా చెల్లెలికి చేసిన అన్యాయానికి మాత్రం ఏ శిక్షా చాలదు."

 ఆయన ఫోనెత్తి, పెంకు తీయమన్నాడు.

కబురు తెలిసి ఉడత సుడిగాలిలా వచ్చింది. గ్లౌజులు వేసుకుని మరీ వచ్చింది, అంత కోపంలోనూ. "మళ్లీ మొదలెట్టావా? నువ్వసలు నా అక్కవేనా? పోయినసారి నేరుగా అడిగావు, కుదర్లేదు. ఈసారి పెంకు దొరికిందా నీకు?" అని అరిచింది. బాబాయ్ మెల్లిగా బట్టీ వెనక్కి తప్పుకున్నాడు.

 అక్క పగిలిన పెంకును ఆమె ముందు పెట్టింది. "గ్లౌజు తీసి చెయ్యి పెట్టవే," అంది.

"ఏంటి?"

"కుడిచెయ్యి పెట్టు. ఇక దీనికి నువ్వు కొత్తగా చేసే నష్టమేం లేదు."

ఉడత విసురుగా గ్లౌజు లాగేసి చెయ్యి ఆనించింది. మూడు వేళ్లూ మూడు పగుళ్ల మీద కూర్చున్నాయి. చిటికెన వేలు, తన వంకర చిటికెన వేలు, వంకరగా తిరిగిన నాలుగో పగులు మీద ఒదిగిపోయింది. ఉడత చెయ్యి తీయలేదు.  "ఇది నేనా?" అంది చివరికి, ఎక్కడో దూరం నుంచి మాట్లాడుతున్నట్టు. "నేను ఊరికే... ముద్దొచ్చి ముట్టుకున్నా అక్కా."

"నీ తప్పేం లేదు. చెయ్యి తియ్యమనాల్సింది నేను. నువ్వు పిలిచావుగా, ఆ సంబరంలో నోరు రాలేదు. తర్వాత తుడిచేసి సరిపోయిందనుకున్నా."

"నువ్వా? గ్లౌజు లేదని నాన్ననే గది బయట నిలబెట్టిన నువ్వా?" ఉడత నవ్వబోయింది, నవ్వు రాలేదు.

రెండో పెంకును సన్నని తీగతో జిగురు కోసి ఓడ నుంచి ఊడదీసి తెచ్చారు. పెద్దాయన స్వయంగా వచ్చి కూర్చున్నాడు. బాబాయ్ దాన్ని బట్టీలో పెట్టాడు. తెల్లగా, చూడలేనంతగా వెలిగింది. బయటకు తీశారు. మైకు ఆనించారు. గదిలో అందరూ ఉన్నా ఎవరూ లేనట్టే ఉంది.

పెంకు ఎర్రబడింది. ఎరుపు పలచబడింది, నల్లబడింది. స్పీకర్లో చప్పుడు లేదు.  అక్క పగలకూడదని కోరుకుంటోంది, చెల్లెలి చేతి కింద ఏ అపాయమూ లేదని తేలాలని. పగలాలనీ కోరుకుంటోంది, తను దాని ప్రయాణాన్ని వట్టిపుణ్యానికి పాడుచేయలేదని తేలాలని. రెండూ ఒక్క మనసులోనే, ఒకే బలంతో. ఉడత ఏమనుకుంటోందో చూద్దామన్నా తల తిప్పే ధైర్యం లేదు.

టిక్.

ఉడత ఉలిక్కిపడింది. మళ్లీ టిక్, టిక్. ఆమె స్పీకర్ వైపు అడుగేసి, చెవి దగ్గరగా పెట్టింది. పోగు వెంట పోగు తెగుతోంది. చినుకులు కలిసి జల్లయ్యాయి. తర్వాత 'టప్'మని ఒక్కటే శబ్దం వచ్చి, అందరూ చూస్తుండగానే, పెంకు నడిమధ్య నుంచి అరచేయంత పెచ్చు ఊడి పళ్లెంలో పడింది. కింద తెల్లటి పోగులు మంచుగడ్డ విరిగినచోట మెరిసినట్టు మెరిశాయి. అంత పని జరిగినా, ఆ పెచ్చు పడ్డ చప్పుడు చీపురుపుల్ల పడ్డంత కూడా లేదు.

"నా కుర్చీ కింద," అంది ఉడత.  పెద్దాయన లేచి, ఆమె భుజం తట్టి వెళ్లిపోయాడు. బాబాయ్ కళ్లద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆ అద్దాలు అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

ప్రయాణం వాయిదా పడింది. రెండో జట్టు వెళ్లింది. ఉడత కుర్చీలో వేరే అమ్మాయి కూర్చుంది. కొత్త పెంకును చాదస్తం మేడమ్ చేయించిన తీరు చూసి, ఆవిడ రెండు జతల గ్లౌజులు ఒకదాని మీద ఒకటి వేసుకుంటోందని గదిలో జోకులు పుట్టాయి. అబద్ధం కాదు, నిజంగానే వేసుకుంది.

దిగే రోజున అక్కాచెల్లెళ్లు దిగే మైదానం అంచున పక్కపక్కనే నిలబడ్డారు. ఎండ కాస్తోంది. ఆకాశంలో ఎక్కడో ఓ చుక్క తెల్లగా వెలిగింది. నిప్పులోంచి వస్తోందని ఇద్దరికీ తెలుసు. అది ఎంత వేడో ఒకామెకు తెలుసు, ఆ వేడికి ఇవతల కూర్చోవడం ఎలా ఉంటుందో రెండో ఆమె కలల్లో ఎన్నోసార్లు చూసుకుంది. అక్క పెదవులు కదులుతున్నాయి. "చల్లారనీ, చల్లారనీ," అంటోంది. ఓడ దిగింది, నేల మీద పరుగెత్తింది, ఆగింది. పొట్టంతా మసి చారలు. ఎక్కడా ఒక్క పెచ్చు లేవలేదు.

ఉడత కుర్చీలో వెళ్లినమ్మాయి నెమ్మదిగా నడుచుకుంటూ వాళ్ల దగ్గరికే వచ్చింది. "పెంకుల మేడమ్ మీరేనా?" అని చెయ్యి చాపింది. అక్క తన చేతుల వైపు చూసుకుంది. అలవాటుకొద్దీ గ్లౌజులున్నాయి. ఒకటి తీసేసి ఆ చెయ్యి అందుకుంది. అది చెమటతో తడిసిపోయి ఉంది. నిప్పుల మధ్యలోంచి వచ్చిన మనిషి చెయ్యి, వెచ్చగా, ఉప్పగా, ప్రాణంతో. జన్మంతా దేన్ని గది గడప దాటనివ్వలేదో దాన్నే పట్టుకుని ఆవిడ బావురుమంది. ఎంతకీ వదలదే!

"ఇక వదలవే అక్కా, పాపం ఆ పిల్ల వాళ్లమ్మని చూసుకోవాలి," అంది ఉడత. 

"నీ కుర్చీ ఉడతా. అందులో కూర్చుని వచ్చిందే ఈ పిల్ల," అంది అక్క వెక్కుతూ.

"కూర్చుని వచ్చింది కదా, చాలు. నా వంతుకి నువ్వు గదిలోనే ఉంటావుగా? నేనేదైనా ముట్టుకుంటే చేతి మీద ఒక్కటివ్వు. ఊరుకున్నావంటే మాత్రం నీతో మళ్లీ మాట్లాడను."

అక్క రెండో గ్లౌజు కూడా తీసి జేబులో పెట్టుకుంది. ఉడత తన వంకర చిటికెన వేలిని అక్క వేలికి మెలేసింది. ఇద్దరూ ఓడ వైపు నడిచారు, దగ్గరికి వెళ్లి చూడ్డానికి.